నొప్పి ఒక ఊళ్ళో, మందు ఇంకో ఊళ్ళో

బొంగరానికి సొంత పేరు లేకపోలేదు. అది బడి సర్టిఫికెట్లోనూ పెళ్ళి శుభలేఖలోనూ కనిపించి మళ్ళీ కనుమరుగైపోయింది. పాకే వయసులోనే ఒకచోట నిలవని పిల్లను చూసి తండ్రి ఆ ముద్దుపేరు పెట్టాడు, అదే ఖాయమైంది. పెళ్ళయి పట్నం వచ్చాక ఆమె కళ్ళద్దాల షాపులో పనికి కుదిరింది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వంగిన కాడలు సరిచెయ్యడం, కదలకుండా కూర్చుని చేసే పని. చేతులు ఎంతో నిలకడగా పనిచేసేవి గానీ బల్ల కింద పాదాలు ఎక్కడికో నడిచిపోతూనే ఉండేవి. తాను జీతమిచ్చేది చేతులకేననీ, కాళ్ళకు కాదనీ ఓనరు వచ్చిన గిరాకీలందరితోనూ అనేవాడు.

ఆమెకు పెద్దదిక్కులు ఇద్దరు. ఒకరు కన్నతండ్రి, కొండమీది ఊళ్ళో తలుపులు చేసే వడ్రంగి మేస్త్రి. రెండోవారు మామగారు, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఈ వియ్యంకులిద్దరికీ ఉప్పూ నిప్పూ. కారణం ఒక తలుపు.

పెళ్ళికి కొద్దిరోజుల ముందు మేస్త్రి, కూతురు కాపురం చెయ్యబోయే ఇంటికని మంచి చేవగల కర్రతో ఒంటిరెక్క తలుపు చేశాడు. దాన్ని పట్నం బస్సెక్కించాడు. దారిలో డ్యూటీ మారి, కాబోయే వియ్యంకుడే కండక్టరుగా ఎక్కాడు. మనిషెత్తు సామాను ప్రయాణికుల బస్సులో కూడదని రూలు. ఆయన చేతులు జోడించి, "బావగారూ, ఏమీ అనుకోకండి, రూలు రూలే" అని మేస్త్రినీ తలుపునీ కలిపి నడిదారిలో దించేశాడు. మేస్త్రి ఆ తలుపును వీపున మోసుకుని పట్నం చేరాడు. సాయంత్రానికల్లా గుమ్మానికి బిగించి, చెమట తుడుచుకుని, ఇక ఈ గడప తొక్కనని చెప్పి వెళ్ళిపోయాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. కర్ర కొనడానికి పట్నం వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని కూతుర్ని చూసి వెళ్ళేవాడు. ఎండలో ఎందుకు, లోపలికి రమ్మనమ్మా అని మామగారు లోపలి నుంచి అనేవాడు. నా దగ్గర టికెట్టు లేదని చెప్పమ్మా అని తండ్రి బయటి నుంచి అనేవాడు. ఇద్దరి మధ్యా బొంగరం మంచినీళ్ళ గ్లాసుతో తిరుగుతూ ఉండేది.

మామగారికి ఊపిరితిత్తుల్లో క్యాన్సరు బయటపడేసరికే ముదిరిపోయింది. పట్నం పెద్దాసుపత్రి వాళ్ళు ఇక వైద్యం వల్ల లాభం లేదన్నారు. ఆ మాట విన్నరోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. కానీ ఆ ఆసుపత్రిలోనే ఇంకొక గది ఉంది. జబ్బు తగ్గదని తేలినవాళ్ళకు నొప్పీ ఆయాసమూ తగ్గించేవాళ్ళు అక్కడుంటారు. వాళ్ళ వ్యాను వారానికి రెండుసార్లు ఇంటికే వచ్చేది. అందులోంచి దిగే నర్సు బొద్దుగా, గలగలా మాట్లాడే మనిషి. మామగారు ఆమెను "నా పాసింజరు" అనేవాడు. నొప్పి వచ్చాక మందు వెయ్యడం ఇల్లు కాలాక నుయ్యి తవ్వడం లాంటిదనీ, రాకముందే గంటల ప్రకారం వెయ్యాలనీ బొంగరానికి నేర్పింది ఆ నర్సే. నోరు ఎండితే తడిపే తీరూ, పక్కకు తిప్పి పడుకోబెట్టే తీరూ చూపించింది. చిన్న మార్ఫిన్ బిళ్ళ. అది పడ్డాక ఆయన దిండ్లకు ఆనుకుని పేకాడేవాడు, ఓడితే ముక్కలు సరిగా కలపలేదని దెబ్బలాడేవాడు. ఒక మధ్యాహ్నం కొడుకుతో మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారుకుని, మళ్ళీ లేవలేదు.

చావు ఇంత నెమ్మదిగా కూడా వస్తుందా అని బొంగరం ఆశ్చర్యపోయింది. అందరికీ ఇలాగే వస్తుందేమో అనుకుంది. ఆమె పొరపాటు అక్కడే.

ఏడాది తిరక్కుండా తమ్ముడు ఫోను చేశాడు. నాన్నకు నడుం నొప్పి అన్నాడు. బరువులెత్తే మనిషికి నడుం నొప్పి రాదా అనుకుంది. మళ్ళీ చేసి, పరీక్షలు చేయించామనీ, ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకల్లోకి పాకిందన్నారనీ చెప్పాడు. ఆ మాట చెబుతూ వాడు ఏడవలేదు. నాన్న పడుకోవడం లేదక్కా అంటూ ఏడ్చాడు.

ఆమె ఉన్నపళాన బయల్దేరింది. పట్నం నుంచి ఒక బస్సు, కొండ మొదట్లో దిగి ఇంకో బస్సు, ఆ పైన నడక. ఇంటికి చేరేసరికి తండ్రి పనిగదిలో ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చిత్రిక పట్టే బల్ల మీద నుదురు ఆనించి ఉన్నాడు. వెల్లకిలా పడుకున్నా నొప్పే, పక్కకు తిరిగినా నొప్పే, ఈ ఒక్క తీరులోనే కాస్త ఓర్చుకోగలుగుతున్నాడని తల్లి చెప్పింది. కొన్ని రోజులుగా ఆయన అలాగే కునుకు తీస్తున్నాడట. బల్ల మీద రంపప్పొట్టు ఆయన నుదుటికి అంటుకుంది. కూతురి అలికిడికి తల ఎత్తకుండానే, "బొంగరమా? ఎప్పుడొచ్చావు? తిన్నావా?" అన్నాడు. పంటి బిగువున అన్న మాట అది.

ఊరి ఆరోగ్యకేంద్రంలో ఉన్నది ఒక్కడే డాక్టరు, ఇంకా నూనూగు మీసాల కుర్రవాడు. బొంగరం వెళ్ళి ఆ బిళ్ళ పేరు చెప్పి అడిగింది. అతను తలుపు దగ్గరగా వేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మందు నిలవ ఉంచడానికి లైసెన్సు కావాలి, తమ కేంద్రానికి లేదు. పైవాళ్ళను అడిగితే ఇంకా పరిశీలనలో ఉందంటున్నారు. రాసిస్తే ఈ కొండ మీద ఏ షాపులోనూ దొరకదు. దొరికే చోట్లలో అన్నిటికన్నా దగ్గర ఆమె పట్నమే.

"నేను ఇస్తున్న బిళ్ళలు ఆయన నొప్పికి ఏ మూలకీ చాలవమ్మా. ఆ సంగతి నాకూ తెలుసు" అన్నాడు చివరికి.

అతన్ని తిట్టడానికి సిద్ధపడి వెళ్ళిన మనిషి, రిపోర్టులు తీసుకుని బయటికి నడిచింది.

ఫోను సిగ్నలు ఆ ఊళ్ళో నీళ్ళ ట్యాంకు దగ్గర తప్ప దొరకదు. అక్కడికి వెళ్ళి పట్నం నర్సుకు ఫోను చేసింది. వ్యాను పట్నం శివారు దాటి రాదని నర్సు చెప్పింది. కొండ వేరే జిల్లా, వేరే లెక్క. అందరి ఇళ్ళకూ వెళ్ళాలనే ఉంటుంది గానీ వ్యాను ఒక్కటే, నర్సులు ఇద్దరేనట. బొంగరం అప్పుడు చేతిలోని రిపోర్టులు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. అదే జబ్బు, ఇద్దరూ మనుషులే, ఇటు మామ, అటు నాన్న. మధ్యలో రెండు బస్సులు. ఇంతకంటే తేడా ఏముంది అనుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె పట్నం తిరిగొచ్చి, మామగారికి మందిచ్చిన డాక్టరును కలిసింది. అతను రిపోర్టులన్నీ చూసి, కొండమీది కుర్ర డాక్టరుతో ఫోనులో మాట్లాడి, తొలి విడత మందు ఇచ్చాడు. బొంగరం దాన్ని రవికెలో దోపుకుని మళ్ళీ కొండెక్కింది. మొదటి బిళ్ళ వేసిన మధ్యాహ్నం తండ్రి బల్ల దగ్గర నుంచి లేచి, ఎవరో పిలిచినట్టు మంచం వైపు నడిచి, వెల్లకిలా పడుకున్నాడు. ఎంతసేపటికీ కదలకపోయేసరికి తల్లి హడలిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "ఊపిరి ఆడుతోందే" అని కూతురితో చెప్పి, గోడకు చేరగిలబడి తానూ నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో ఆ ఇంటికి.

అక్కడి నుంచి బొంగరం బతుకు బస్సుల్లోనే గడిచింది. విడత విడతకీ మందు పట్నం నుంచి తేవాలి. షాపులో సెలవు పెడితే ఓనరు మొహం మాడ్చేవాడు. మొగుడిది నీటి సరఫరా పంపుహౌసులో పని, షిఫ్టులు మార్చుకుని ఇల్లు చూసుకునేవాడు. కొండ మీద ఉంటే ఇంటి దిగులు, ఇంట్లో ఉంటే కొండ దిగులు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది. షాపులో అద్దాలు తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి లేచి వాకిట్లోకి వెళ్ళి, ఎందుకు వచ్చానా అని నిలబడేది.

జబ్బు ఊరుకుంటుందా? నొప్పి పెరిగింది, మోతాదు పెంచాలి, పెంచాలంటే తెచ్చిన మందు ముందే అయిపోతుంది. అలా అయిపోవస్తున్న సమయంలోనే వానలు పట్టుకున్నాయి. కొండదారిలో చరియ విరిగిపడి బస్సులు ఆగిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. బొంగరం మందు రవికెలో పెట్టుకుని కొండ మొదట్లోని బస్టాండులో చిక్కుపడిపోయింది. దారి ఎప్పుడు తెరుస్తారని కనిపించినవాణ్ణల్లా అడిగింది. బెంచీ మీద కూర్చోవడం, లేవడం, దారి కనిపించే మూలదాకా వెళ్ళి రావడం. టీ కొట్టువాడు చూడలేక, కాస్త కూర్చో తల్లీ, నువ్వు నడిస్తే దారి తెరుచుకోదు అన్నాడు. మర్నాడు మట్టి తీసే మనుషుల వెనకాల చరియ దాటి, మోకాళ్ళ దాకా బురదతో ఇల్లు చేరింది.

తండ్రి మళ్ళీ బల్ల దగ్గరే ఉన్నాడు. నోట్లో చెక్కముక్క ఉంది. అరిస్తే పక్కింటి పిల్లలు జడుసుకుంటారని పంటికింద పెట్టుకున్నాడట. దాని మీద పళ్ళ గుర్తులు పడ్డాయి. బిళ్ళ పనిచేసి మాట వచ్చాక ఆయన కూతుర్ని దగ్గరకు పిలిచాడు.

"నన్ను నీ ఇంటికి తీసుకుపో. ఆ నర్సమ్మ వచ్చే ఇంటికి."

"గడప తొక్కనన్నావుగా నాన్నా."

"అన్నాను. ఒట్టు పెట్టినప్పుడు ఈ నొప్పి నాకు పరిచయం లేదు."

దారి బాగుపడ్డాక తమ్ముడు జీపు మాట్లాడాడు. సీట్లో పరుపు పరిచి, గోతులొస్తే ఆపుకుంటూ ఆపుకుంటూ తీసుకొచ్చారు. తల్లి రాలేదు. కోడలు నిండు నెలలతో ఉంది, దాన్ని వదిలి ఎలా రాను అని వాకిట్లోనే నిలబడిపోయింది.

పట్నం ఇంటి ముందు మేస్త్రి అల్లుడి భుజం పట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. పాత పంతం తన్నుకొచ్చిందేమోనని బొంగరం జీపు డ్రైవరును ఆగమని సైగ చేసింది. ఆయన తలుపును అటూ ఇటూ ఆడించి, కింది బందు వదులైంది, ఇన్నాళ్ళూ ఇంట్లో మగవాడన్నవాడు లేడా అని అల్లుణ్ణి కోప్పడి, లోపలికి అడుగు పెట్టాడు. మామగారు పోయిన గదిలో, మామగారి మంచమే వేశారు. దాని మీద ఒరుగుతూ, "కండక్టరుగారు సీటు ఖాళీ చేసి ఇచ్చారన్నమాట" అన్నాడు. అల్లుడు నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు.

నర్సు వచ్చింది. మోతాదు సరిచేసింది, వీపున పుండు పడబోతున్న చోట చూసి పరుపు మార్పించింది. వారంలో మేస్త్రి మొహంలో కళ వచ్చింది. నొప్పి లేదా అంటే, ఉంది గానీ పక్కవీధికి పోయింది అనేవాడు. ఇక అంతా కుదుటపడ్డట్టేనని బొంగరం అనుకుంది, షాపుకు మళ్ళీ వెళ్ళసాగింది.

కుదుటపడింది ఒళ్ళే. మనిషి కాదు. పొద్దున లేస్తూనే ఎవరైనా వచ్చారా అని అడిగేవాడు. ఎవరొస్తారు? కొండమీద అయితే ఆయన చేసిన తలుపు లేని ఇల్లు లేదు. పొలం పోయేవాడూ, నీళ్ళకెళ్ళేదీ పనిగది ముందు ఆగి ఒక మాట అనకుండా పోరు. ఇక్కడ వీధిలో బండ్లు పోతాయి, ఏ బండీ ఆగదు. కోడలికి ఆడపిల్ల పుట్టిందని ఫోనులో చూపిస్తే, అరచేతంత అద్దంలో మనవరాలి మొహం కానక, వేలితో గాజును తుడిచి తుడిచి చూశాడు. భార్య గొంతు ఫోనులో విని, అవతల పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు. మంచం దిగుతాను, ఎక్కుతాను అని విసిగించేవాడు. బొంగరం తండ్రినే నేను అని నిరూపిస్తున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే ముద్ద తోసేసి అడిగాడు.

"నొప్పి ఉన్నచోట నావాళ్ళందరూ ఉన్నారు. మందు ఉన్నచోట నువ్వొక్కదానివే ఉన్నావు. మనిషికి రెండూ ఒకచోట ఉండకూడదంటమ్మా? ఇదేం లెక్క?"

నర్సును అడిగితే, ఇక్కడ ఉంటే తాను చూసుకోగలననీ, అక్కడికి పంపితే ఏ రాత్రి ఏమవుతుందో చెప్పలేననీ అంది. మొగుడు మాత్రం, ఆయన్ని పంపించెయ్, ఆయన పడుతున్న అవస్థ చూడలేకపోతున్నాను అన్నాడు. పంపితే నొప్పికి పంపినట్టు, ఉంచితే ఒంటరితనంలో ఉంచినట్టు. బొంగరం రెండురోజులు షాపుకూ మంచానికీ మధ్య తిరిగింది. మూడోరోజు కొండమీది కుర్ర డాక్టరుకు ఫోను చేసింది. అతను ఆదివారం సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చాడు. మంచం పక్కన నర్సు దగ్గర నిలబడి, మోతాదు ఎలా పెంచాలో, మింగలేని రోజున ఏం చెయ్యాలో అన్నీ నేర్చుకున్నాడు. లైసెన్సు లేని కేంద్రంలో మందు ఉంచలేడు గానీ, పేషెంటు ఇంట్లో పేషెంటు మందు ఉంటే వచ్చి చూడగలడు. పట్నం డాక్టరు ఇవ్వగలిగినంత విడత ఇచ్చాడు. బొంగరం షాపు ఓనరుకు చెప్పింది, సెలవు ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు అని. ఆయన గొణుక్కుని, కుర్చీ ఎక్కడికీ పోదులే అన్నాడు.

జీపు కొండెక్కుతుంటే మేస్త్రి అద్దంలోంచి ఒక్కొక్క మలుపునూ పేరుపెట్టి చెప్పాడు. ఇంటిముందు జనం. ఆయన్ని పనిగదిలోనే, కర్రల వాసన మధ్య మంచం వేసి పడుకోబెట్టారు. మనవరాలిని రొమ్ము మీద పెట్టారు. ఆ వారం పది రోజులూ ఆయన రాజులా ఉన్నాడు. వచ్చినవాళ్ళతో వాళ్ళ తలుపుల బాగోగులు మాట్లాడాడు. వేళ కాగానే బొంగరం బిళ్ళతో సిద్ధం. తల్లికీ తమ్ముడికీ కూడా నేర్పింది. డాక్టరు డ్యూటీ దిగాక వచ్చి చూసి వెళ్ళేవాడు.

ఆ తర్వాత ఒక పొద్దున ఆయన బిళ్ళ మింగలేకపోయాడు. నీళ్ళు పెదవి చివరి నుంచి కారిపోయాయి. కళ్ళు మూసే ఉన్నాయి గానీ నుదురు ముడతలు పడింది, మూలుగు మొదలైంది. డాక్టరు ఆ రోజు మీటింగుకని వెళ్ళి జిల్లా ఆఫీసులో ఉన్నాడు. బొంగరం నీళ్ళ ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది. నర్సు ఫోను ఎత్తే దాకా నేల మీద కాలు నిలవలేదు. బిళ్ళను పొడి చేసి రెండు చుక్కల నీళ్ళలో కలిపి బుగ్గలోపల కొద్దికొద్దిగా రాయమంది నర్సు. పరుగెత్తి వచ్చి రాసింది. కాసేపటికి నుదురు సడలింది. కానీ గొంతులో గురగుర మొదలైంది. అదేమిటో తెలియలేదు. మళ్ళీ ట్యాంకు దగ్గరికి. అది నొప్పి కాదు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఇక దగ్గరే కూర్చో, ఎక్కడికీ వెళ్ళకు అంది నర్సు.

ఆమె వచ్చేసరికి తమ్ముడు అప్పటికే తండ్రిని పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. తల్లి ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడేనే. నువ్వు మలుపు తిరుగుతుంటే" అంది తల్లి.

ఆయన మొహంలో బాధ లేదు. ఆ సంగతి అందరూ చూశారు, అందరూ అన్నారు. బొంగరం మాత్రం ఆ మాట వింటూ నిలబడే ఉంది. కూర్చోమని ఎందరు చెప్పినా ఆ రోజంతా కూర్చోలేదు.

మిగిలిన మందు ఆసుపత్రికి తిరిగి ఇచ్చెయ్యాలి, అది పద్ధతి. ఆమె బయల్దేరే ముందురోజు కుండలు చేసే ఇంటి నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె చెల్లెలికి రొమ్ము క్యాన్సరు, పుండు పడి, మూలుగుతో ఇల్లు కదిలిపోతోందట. మీ నాన్నకు ఇచ్చిన బిళ్ళలు ఉన్నాయట కదా, పోయినవాళ్ళకు అక్కర్లేదు కదా అంది. అడిగిన తీరులో తప్పు లేదు. కానీ ఒకరికి చూసి ఇచ్చిన మోతాదు ఇంకొకరి ప్రాణం తియ్యొచ్చని నర్సు వందసార్లు చెప్పింది. బొంగరం ఇవ్వలేదు. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం బొంగరాన్ని తిట్టుకంటే ఎక్కువ గుచ్చింది. కాసేపు వాకిట్లో పచార్లు చేసి, ఆ ఇంటికే నడిచి, చెల్లెలి కాగితాలన్నీ అడిగి తీసుకుంది. మర్నాడు బస్సులో తన ఒళ్ళో తండ్రి మిగిల్చిన మందూ, ఆ కాగితాలూ.

పట్నం డాక్టరు ఆమెను గుర్తుపట్టి, మళ్ళీ ఎవరు అని అడిగాడు. కుర్ర డాక్టరుతో ఫోను నడిచింది. ఆ చెల్లెలికి మందు అందింది, అయితే ఆలస్యంగా. నెలన్నర బతికింది. ఆ నెలన్నరా బొంగరం పట్టుకెళ్ళిన విడతలే. ఈసారి మొగుడు నోరు తెరిచాడు. మన ఇంట్లో చావులు మనకు చాలవా, ఎక్కడిదాకా తిరుగుతావు అన్నాడు. ఆమెకూ కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. షాపులో కూర్చుంటే మాత్రం చెవిలో ఎవరిదో మూలుగు.

కొండమీది కేంద్రానికి లైసెన్సు ఏడాది దాటాక వచ్చింది. అప్పటికి ఆ కుర్ర డాక్టరుకు బదిలీ అయిపోయింది. ఆ కబురు తమ్ముడు ఫోనులో చెప్పాడు. ఊళ్ళోనే మందు పెట్టారక్కా, బీరువాకు రెండు తాళాలట, కమ్మరి వాళ్ళమ్మకు నిన్నటి నుంచి ఇస్తున్నారు అన్నాడు. వాడి గొంతులో సంబరం.

బొంగరం చేతిలో అద్దం బిగించని ఫ్రేము ఉంది. ఆమెకు సంతోషమో ఏడుపో తేలలేదు. వెంటనే నోటికి వచ్చింది వేరే.

"దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే సిరప్ ఇస్తున్నారో లేదో అడుగు. లేకపోతే మూడో రోజుకల్లా కడుపు బిగదీసి ఆవిడ ఆ బిళ్ళే వద్దంటుంది."

"అంత కంగారెందుకక్కా, రేపు వెళ్ళి అడుగుతాలే."

"ఇప్పుడే వెళ్ళరా" అంది ఆమె. ఫోను పెట్టెయ్యకుండా, వాడు చెప్పులేసుకుని నీళ్ళ ట్యాంకు మెట్లు దిగే చప్పుడు సిగ్నలు తెగేదాకా వింటూ, కౌంటరు వెనకాల అటూ ఇటూ నడవసాగింది.